రొట్టెల బండి

ఆఖరి కనుమ దిగగానే బండి దగ్గి ఆగిపోయింది.
రేడియేటర్ చల్లారేదాకా సరస్సును చూస్తూ కూర్చోమన్నాడు రమీరో,
దాన్ని తానే మోసుకొచ్చి అక్కడ దించినట్టు.

మాకిది సెలవుల ఇల్లు.
చూసినవాళ్ళకి బేకరీ.
రెండు పక్కలా ఎర్రటి అక్షరాలు: ఉదయపు రొట్టె.
కింద గోధుమ కంకి,
పటగోనియా ఎండకి వెలిసి చేపముల్లులా మిగిలింది.
పదకొండు నెలల జీతానికి బదులు
యజమాని రమీరో చేతిలో పెట్టింది ఈ తాళంచెవి.
ఇంటికి నడుపుకొచ్చి, వారం రోజులు దాని మొహం చూడలేదు.

తర్వాత ట్రేలు పెట్టే అరల్ని కోసి మంచాలు చేశాడు.
పై అర మలేన్‌ది. పక్కకి తిరిగితే మోచెయ్యి కప్పుకి కొట్టుకుంటుంది.
అడుగు అర కుక్కది.
తుయెర్తో, అంటే ఒంటికన్నోడు.
పేరు పెట్టిన నాడు రెండు కళ్ళూ ఉండేవి,
ఒకదాని చుట్టూ నల్లమచ్చ, అంతే.
పన్నెండో ఏట ఆ కంటికే పొర కమ్మింది.
నోటిమాట ఊరికే పోదంటుంది మా అత్త ఎవులాలియా,
ఆ పేరు పెట్టింది తనే అని మాత్రం అనదు.

ప్రతి వేసవికీ నీలం రంగు డబ్బా ఒకటి వెంట వస్తుంది.
ఈసారి ఆ అక్షరాలు చెరిపేస్తానంటాడు.
ప్రతి వేసవీ ఆ డబ్బా టార్పాలిన్ మూల మీద
బరువుగా కూర్చుంటుంది.
ఇక్కడి గాలికి రాళ్ళు ఆనవు.

పగలు కందిరీగలు, జామ్ సీసా చుట్టూ మా యుద్ధం.
రాత్రి మంచు పడితే
చెక్కలోంచి పాత ఈస్టు వాసన మెల్లగా లేస్తుంది.
మలేన్ నిద్రలో నములుతుంది.
రమీరో మేలుకునే ఉంటాడు, నాకు తెలుసు,
మూడింటికి లేచే అలవాటు
కొలువు పోయినా ఒంట్లోంచి పోలేదు.

మూడో పొద్దున తలుపు మీద ఎవరో తట్టారు.
పసుపు రెయిన్‌కోటులో ఒక ముసలాయన, గుప్పిట్లో చిల్లర.
"అరడజను. మెత్తగా ఉండాలి, మా ఆవిడకి పళ్ళు లేవు."
ఆయన వెనక ఇద్దరు పిల్లలు,
ఆ వెనక తెల్లకుక్కని లాక్కుంటూ ఒకావిడ.

రమీరో దవడ బిగుసుకుంది.
మాట్లాడకుండా తలుపు వేసేశాడు.
ఏం సర్దిచెప్పాలా అని నేను వెతుక్కుంటుంటే
లోపల పిండి బస్తా మూతి విప్పిన చప్పుడు.

మలేన్ పడుకున్న పలకనే ఊడలాగాడు.
"నా మంచం!" అని అది కేకలు.
మంచు కరిగిన సరస్సు నీళ్ళకి వేళ్ళు నీలబడ్డాయి,
అయినా ఆ వేళ్ళకి దారి గుర్తుంది:
మడిచి, నొక్కి, పావువంతు తిప్పి, మళ్ళీ మడిచి.
అత్త నిప్పులు పక్కకి తోసి
వేడి బూడిదలో గుంట తీసింది.
పొయ్యి లేని చోట వాళ్ళమ్మ అలాగే కాల్చేదట.
ఎదురుచూసేవాళ్ళకి నేను మాతే టీ పోశాను,
ఒకే కప్పు, ఒకే గొట్టం, చేతులు మారుతూ.

బూడిద దులిపి ఆరు రొట్టెలు కాగితంలో చుట్టి ఇచ్చాడు.
డబ్బులు వద్దంటాడనుకున్నాను.
లెక్కపెట్టి మరీ తీసుకున్నాడు.
"పదకొండు నెలల బాకీలో
ఇది మొదటి వాయిదా" అంది అత్త.
ఆ బేకరీ మూతపడ్డాక
ఆ సంగతి మీద అతను నవ్వడం ఇదే చూడటం.

తుయెర్తో మూడు రోజుల తర్వాత అరలోంచి దిగాడు.
రొట్టె కోసమనుకుని విరిచి పెట్టాను.
వాసన చూసి, దాటుకుని, నీళ్ళ దాకా నడిచి
కడుపు తడిసేలా నిలబడ్డాడు,
మంచి కన్ను కొండలవైపు, పొర కన్ను మావైపు.

బయల్దేరేటప్పుడు టార్పాలిన్ మడుస్తూ
రంగు డబ్బా ఎత్తి చెవి దగ్గర ఊపాను.
చప్పుడు లేదు.
లోపల నీలం ఎప్పుడో గడ్డకట్టింది.

రమీరోతో అనలేదు.
వెనక తలుపు పక్కన దాని చోటులో దాన్ని పెట్టాను.
వచ్చే ఏడూ గాలి ఉంటుంది కదా.