వాన రాని దిక్కు

"ఎటుకెల్లి ఎక్కినవ్?" అనడిగింది అక్క,
పల్లికాయ ఒల్సుకుంట, తలెత్తకుంట.
ఉత్తరం దిక్కుకెల్లి అన్న. అటు మంది తక్కువ.
"ఎందుకు తక్కువ?"
అటు వాన పడదక్కా.
మబ్బులన్నీ దక్షిణం మొకాన్నే కురిసి
ఒట్టి చేతులతోని కొండ దాటుతయి.
అక్క చాటల పొట్టు ఊదింది.
"మరి గది మన పాలమూరే గద.
గంత పైసలు వెట్టి ఆఫ్రికా దాంక పోవుడెందుకు?"

ఏం జెప్పాలె.
కిలిమంజారో అంటే అక్కకు నోరు తిరగది,
"ఆ గుట్ట" అంటది.
ఆ గుట్ట కోసం ఆర్నెల్లు కోయిలకొండ గుట్ట ఎక్కిన,
మెట్లున్న దిక్కు కాదు, ఎనుకబాజు,
కలివె ముండ్లు పిక్కలు గీరే దిక్కు,
చీకటితోటే లేశి
ఈపు సంచిల పదిహేను కిలోల జొన్నలేసుకొని.
మేకల హుసేనప్ప రోజూ ఒక్కటే అడిగేటోడు:
"పైన ఏం పారేసుకున్నవ్ బిడ్డా?"
దిగంగ మల్ల అడిగేటోడు, దొరికిందా అని.

ఆడ మొదటి దినం మక్కచేన్లు, ఆలుగడ్డ మళ్లు.
దుమ్ము మాత్రం మన దుమ్మే,
ముక్కుల దూరినంక ఏ దేశమో తెల్వది.
రెండోనాటికి చెట్లు మోకాలెత్తుకు దిగినయి.
తర్వాత అవీ లేవు.
మన గుండ్లు ఎన్నడో సల్లారినయి,
పిల్లలు జారంగ జారంగ నున్నగైనయి.
ఆడి రాయి మాడిన రొట్టె లెక్క నల్లగ, బొక్కలు బొక్కలు,
చేతిల వట్టుకుంటే బరువే లేదు,
పొయ్యి మీదికెల్లి నిన్ననే తీసినట్టు.
రెండు శిఖరాల నడుమ ఒక బయలు.
పిట్ట లేదు. గాలి తప్ప మాట్లాడేటోళ్లు లేరు.
దూరంగ ఇంకో దారిమీద చీమలబారు లెక్క మంది.
మా దారిల మేమే.

ముందు నడిశేటోడు ఎనుకకు తిరగకుంటనే అంటుండె:
"పోలె, పోలె."
మెల్లగ, మెల్లగ అని వాళ్ల మాట.
నా చెవుల మాత్రం మన మాటే వడ్డది.
పోలె. పోలె.
గంటసేపు నడిశినా పోలె.
ఊపిరి మూరెడు పోతది, బెత్తెడు వస్తది,
కొండ ఆడ్నే ఉంటది.

అప్పుడు అక్క యాదికొచ్చింది.
పన్నెండేండ్లకే గుంపుమేస్త్రి లారీ ఎక్కిన అంజిలక్క.
భీమండి, పుణె, పేరు తెల్వని కాలువలు, కట్టలు.
నా హాస్టల్ పెట్టెకు తాళం కొన్నది ఆ కట్టల మన్నే.
ఎన్ని ఊర్లు జూసినవక్కా అని ఒకపారి అడిగితే
"యాడికీ పోలె," అన్నది,
"పనికి పోయిన."

ఇప్పుడు చేతులు కొంగుకు తుడుసుకొని
ఫోన్ అందుకున్నది.
ఆ బయల్ల దిగిన ఫొటో.
నన్ను జూడలె.
రెండు వేళ్లతోని నా ఎనుకున్న మనిషిని పెద్దగ జేసింది.
"ఈనెవరు?"
ఎలిబరికి.
"తలమీదేంది?"
డేరా. బియ్యం. నీళ్ల క్యాన్. నా సంచి. కుర్చీ.
"కుర్చీ?"
కూసొని తినెతందుకు.

అక్క ఏమనలె.
పల్లికాయ ఒకటి చిట్లింది. ఇంకోటి.
అయిదో రాత్రి, చుక్కలు, తెల్లారంగ మంచుగోడ,
జెప్దామని దాసుకున్నయన్నీ నోట్లనే ఉన్నయి.

"సుట్టబట్ట లేదు," అన్నది శానసేపటికి.
"మెడనరం వడతది. జెప్పకపోతివా?"

లేశి, దండెం మీది పాతచీర అంచు చింపింది.
మోకాలి మీదేసి మెలివెట్టి, గుండ్రంగ సుట్టి,
నా తలమీద వెట్టి కొలత జూసి
తీసేసింది.
"ఆయన తల నీకన్న చిన్నగున్నట్టుంది."

శిఖరం ఫొటో ఇంకా జూపియ్యలె.