ఏడు

లిస్బన్‌లో మా ఆఫీసు మూడో అంతస్తు.
నా పని బొమ్మలు గీయడం.
పేటెంటు బొమ్మల్లో నీడలుండవు,
చేతులుండవు, చెమట అసలే ఉండదు.
సన్నని నల్లగీత, గీత చివర ఒక అంకె.
పన్నెండు: పిడి. పద్నాలుగు: అలుగు.
పదహారు: రెంటి నడుమ స్ప్రింగు.

ఎర్మీనియా కలాదు తన గొడ్డలిని
పిండి సంచిలో చుట్టి తెచ్చింది.
బల్ల మీద పెడుతుంటే మా ఏజెంటు వాస్కు
కాగితాలు పక్కకి లాక్కున్నారు.
"కార్కు చెట్టు ఒలవడమంటే
నిద్రపోయే పసిదాని చొక్కా విప్పడం.
లోపలి పొరకి గాటు పడిందా,
ఆ చోట ఇక బెరడు రాదు.
ఇది పొర తగలగానే తనంతట తానే ఆగుతుంది."

పిడి తిప్పి చూశాను.
బొటనవేలు ఆనేచోట కర్ర అరిగి గుంటపడింది.
దానికి నేను అంకె ఇవ్వలేదు.

"ఎన్నాళ్ళు నాదవుతుంది?"
"ఇరవై ఏళ్ళు."
వేళ్ళు మడిచింది. వాళ్ళ లెక్క వేరు,
తొమ్మిదేళ్ళకి ఒక ఒలుపు.
"రెండు బెరళ్ళు, పైన కాస్త," అని
బేరం కుదిరినట్టు తలూపింది.

కొన్నాళ్ళకి పోర్తో నుంచి
ఒక కంపెనీ వాళ్ళ అభ్యంతరం వచ్చింది.
జతగా ఒక ఫొటో.
చర్చి వాళ్ళు ఊళ్ళో పంచే నాలుగు పేజీల పత్రిక,
ఒలుపు ముగిసిన నాటి విందు, సార్డీన్ల పొగ,
నడుమ ఎర్మీనియా గొడ్డలెత్తి నవ్వుతోంది.
చుట్టూ మెడలు చాచిన పదిహేనుమంది.
స్ప్రింగు స్పష్టంగా కనబడుతోంది,
నా బొమ్మలో కన్నా.

పత్రిక మీద తేదీ లేదు.
వాస్కు అదే పట్టుకున్నారు: తేదీ ఏదీ?
అవతలి లాయరు, చిన్న పిల్ల, వాదించలేదు.
ఆమె వెనకున్న చెట్టు మీద వేలుంచింది.
అప్పుడే ఒలిచిన మాను, ఎర్రగా, పచ్చిగా,
దాని మీద తెల్లరంగుతో ఏడు.

ఒలిచిన యేటి చివరి అంకె
మాను మీద రాయడం అక్కడి ఆనవాయితీ,
మళ్ళీ గొడ్డలి ఎప్పుడు తాకాలో మరవకుండా.
అది పదిహేడులో వేసిన ఏడు.
మేం దరఖాస్తు పెట్టింది పంతొమ్మిదిలో.

"ఎవరు రాశారది?"
అడగనక్కర్లేకపోయినా అడిగారు వాస్కు.
"నేనే. రాత కుదురని బ్రష్షు నాకే ఇస్తారు."

చట్టం చెడ్డదని అనను.
లోకం ముందే చూసినదానికి
కంచె కట్టనివ్వదు, అంతే.
కానీ ఆ పూట లోకమంటే
పదిహేనుమంది, ఒక పాదిరీ, ఒక కుక్క.
సంతోషం దాచుకోవాలంటే
దానికీ ఒక తేదీ ఉంటుందని
ఆమెకి ఎవరు చెప్పారు గనక?
మేము చెప్పాలి. మా గుమ్మం ఎక్కేసరికే ఆలస్యమైంది.

మెట్లు దిగుతూ ఒక్కటి అడిగింది:
"మరి పేరు సంగతేమిటి?"
ఒలుపువాళ్ళు దాన్ని 'పిన్నిగోరు' అంటారట.
పేరు నలుగురి నోట పడ్డా పోదన్నాను,
ట్రేడ్‌మార్కుది వేరే దారి.
పదేళ్ళకోసారి రుసుము కట్టి
తిరగరాయించుకున్నంతకాలం నీదే.
మెట్టు మీద ఆగిపోయింది.
"పదేళ్ళా?
చెట్టుకన్నా ఒక యేడు ఎక్కువే ఇస్తున్నారు."

పోర్తో వాళ్ళు ఇప్పుడు నాలుగు రంగుల పిడులతో అమ్ముతున్నారు.
మంచి సరుకేనట. ఆమే చెప్పింది, నవ్వకుండా.
పిన్నిగోరు అని మాత్రం అనలేరు.

ఈ జూన్‌లో ఆ చెట్టుకి ఒలుపు. నన్ను రమ్మంది.
గొడ్డలి దిగింది, పొర తగిలి ఆగింది,
ఏడుతో సహా పలక ఊడి ఆమె భుజాన వాలింది.
ఆరు వేయమని బ్రష్షు నా చేతికిచ్చింది.
ముప్ఫై యేళ్ళుగా అంకెలు రాస్తున్నాను,
ఇంత తడి ఒంటి మీద
ఎన్నడూ రాయలేదు.
నా ఆరు కొంచెం వంకరపోయింది.