వదులు

శనివారం పొద్దున్నే ఫైరింజన్లు రెంటినీ బయట గులకరాళ్ల మీద నిలబెట్టి
షెడ్డులో సిమెంటు నేల ఖాళీ చేస్తాను.
ఈ ఊళ్లో చదునుగా ఉన్న చోటు అదొక్కటే.
మిగతాదంతా బండరాయి, కాకపోతే సముద్రం.

తొమ్మిదింటికి హెడ్లీ పార్డీ వచ్చాడు.
ఆయన ట్రక్కు దిగకముందే కాడ్ చేప వాసన దిగింది.
"కూతుర్నీ పసిదాన్నీ మధ్యాహ్నం పంపిస్తారట ఆసుపత్రి నుంచి.
సీటు నేనే బిగించాను మార్లీన్,
నువ్వొక్కసారి చూసి ఊఁ అంటే చాలు."

ఊఁ అనలేదు.
సీటు ఊడదీసి బోర్లించాను.
బిస్కెట్ పొడి, పది సెంట్ల బిళ్ల, ఎర్ర క్రేయాన్ ముక్క రాలాయి.
అడుగున ప్లాస్టిక్ మీద అచ్చుగుద్దిన తారీకు.
గడువు తీరి మూడేళ్లు.

"ప్లాస్టిక్‌కి గడువేంటి? ఇదేమన్నా పాలా?
ముప్ఫై ఏళ్లుగా నా వల బుడగలు ఉప్పునీళ్లలోనే ఉన్నాయి."
నిజమే.
కానీ బుడగని ఎవరూ
ఒక్క రెప్పపాటులో ఆయుష్షంతటి పని చేసి చూపించమనరు.

ఇలాంటి సీటుని ఊరికే చెత్తలో పారేయకూడదు.
ఎవరో ఒకరు చూస్తారు, బాగానే ఉందే అనుకుంటారు, ఇంటికి పట్టుకుపోతారు.
పట్టీలు కోసేయాలి.
కత్తెర ఇస్తే తీసుకోలేదు.
జేబులోంచి తన కత్తి తీశాడు,
వలలు బాగుచేసేటప్పటిది, పిడి అరిగి బొటనవేలి ఆకారానికి వచ్చింది.
మొదటి పట్టీ దగ్గర ఆగాడు.
"కోడీగాడు దీంట్లో కూర్చునే మొదటిసారి మూస్‌ని చూశాడు,
ఆ చెరువు మలుపు దగ్గర" అన్నాడు.
తర్వాత ఐదూ కోశాడు, మాట్లాడకుండా.

కొత్త సీటు నా దగ్గరుంది,
చర్చి ఆడవాళ్లు బేకాపిల్ జాము అమ్మి కొనిచ్చినవాటిలో ఆఖరిది.
బెల్టుని దాని దారిలో దూర్చి, తాళం పడేదాకా లాగి,
పడవని రేవుకి కట్టినంత దర్జాగా వెనక్కి జరిగాడు.
బెల్టు దూరిన చోట పట్టుకుని ఊపాను.
అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు.

"విప్పు, హెడ్లీ."
మొహం ఎర్రబడింది.
"నలభై రెండేళ్లలో నేను కట్టిన పడవ
ఒక్కటంటే ఒక్కటి కొట్టుకుపోలేదు."
"ఎందుకు పోలేదు?"
"వదులిస్తాను కాబట్టి.
పోటుకి పైకి లేవాలి, ఆటుకి కిందికి దిగాలి.
బిగించి కడితే తెల్లారేసరికి పడవ తాడుకి వేలాడుతూ..."
చెప్తూ చెప్తూనే ఆగిపోయాడు.
తన చేతులవంక చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.
నేనేమీ అనలేదు.
షెడ్డు వెనక సముద్రం దానిమానాన అది లేస్తోంది.

ఈసారి మోకాలు సీటులో ఆనించి,
ఒంట్లో బరువంతా దించి,
పళ్లు బిగబట్టి లాగాడు.
ఊపాను.
సీటు కాదు, ట్రక్కు ఊగింది.
పక్కన చిన్న గాజు గొట్టంలో నీటిబుడగ
గీతల మధ్యకొచ్చి కూర్చుంది.

ఇక బొమ్మ. మూడు కిలోలు, ఒక కన్ను మూతపడదు.
అందరికీ మందపాటి కోటు తొడిగే ఇస్తాను, చూద్దామని.
పట్టీ పట్టుకోవాల్సింది కోటుని కాదు, పిల్లని, అని నేను నోరు తెరిచేలోపే
ఆయన కోటు విప్పేశాడు.
పట్టీలు బిగించాడు, క్లిప్పు చంకల ఎత్తుకి జరిపాడు,
భుజం మీద పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూశాడు, మడత చిక్కలేదు.
అప్పుడు పైనుంచి కోటు కప్పి
బొమ్మ ముక్కు తుడిచాడు.
ఎందుకో.

రిజిస్టర్లో రాశాను:
పార్డీ, నీలం ట్రక్కు, అంగుళం లోపు.
గాండర్ దాకా గంటన్నర దారి.
ఖాళీ సీటుతోనే ఇరవైలో వెళ్తున్నాడు,
వెనక నాలుగు కార్లు, ఒక్కటీ హారన్ కొట్టడం లేదు.
చెత్తడబ్బా అంచు మీంచి తెగిన పట్టీలు వేలాడుతున్నాయి.
నేల ఊడుస్తుంటే
బిస్కెట్ పొడి దొరికింది, పది సెంట్ల బిళ్ల దొరికింది.
క్రేయాన్ మాత్రం లేదు.