నాలుగో చుట్టు

కాశీనగర్ రేవులో
టైర్ల గాలి సగం తీసేస్తాను.
బిర్రుగా ఉంటే వంశధార ఇసక మింగేస్తుంది.

మొదటిరోజు పిన్ని నవ్వింది:
"సైకిలు నిన్ను మొయ్యాల గానీ
నువ్వు దాన్ని మోస్తావేటే, తవిటీ?"

గట్టెక్కేటప్పుడు మోస్తాను.
కుడిభుజం మీద, ఫ్రేము ఆనేచోట
రూపాయంత కాయ కాసింది.

అడ్డాలకి మునగకొమ్మలు కట్టాను,
తగిలితే అవే విరగాలని.
దిగి, దాటించి, పరిగెత్తి, ఎగిరి కూర్చోవాలి;
ఆ నాలుగూ ఒక్క ఊపిరిలో.

బరంపురం ఆఫీసులో గుమస్తా
ఫారం రెండువైపులా తిరగేశాడు.
నా ఆటకి గడి లేదు.
"ఇతరములు" దగ్గర టిక్కు పెట్టి
టీకి లేచాడు.

పూనా పందెంలో ఇరవైమందిమి.
పందొమ్మిదోదాన్ని నేను.
ఆఖరి పిల్లకి గొలుసు తెగింది లెండి.

రాత్రి ఎగువన ఎక్కడో వాన.
నిన్నటి నా చక్రాల జాడ ఏరు నాకేసింది.
మంచిదే. పందెంరోజు ఏ బురదా
ముందుగా పేరు చెప్పుకోదు.

ఇప్పుడు పిన్నే గట్టుమీద నిలబడి
చుట్లు లెక్కపెడుతుంది.
ఆవిడ చదివింది ఒడియా బడి.
"పాంచొ!" అని అరుస్తుంది, చెయ్యంతా ఎత్తి.

నాలుగే, పిన్నీ.
నోట్లో ఇసక, చెప్పలేను.
తొక్కుతాను.