దించే వేళ

పాకం ఎప్పుడు దించాలో నాకు తెలుసు.
చెంబునీళ్ళలో చుక్క వేస్తే
వేళ్ళ మధ్య మెత్తటి ముద్దగా నిలవాలి.
జారితే లేత. టిక్కుమంటే ముదిరిపోయినట్టు.
ముప్పై ఏండ్లుగా పెనుమూరు చుట్టుపక్కల ఏ గానుగకాడైనా
"మొగిలప్ప చెప్పనీ" అంటారు,
అంతదాకా కొప్పెర అంచు మీద
ఎవరూ చెయ్యి వెయ్యరు.

ఈ ఏడు దొరస్వామినాయుడి గానుగ ఒప్పుకున్నా.
బామ్మర్ది మొహం చూసి
ఐరాలలో రాత్రి వంటా ఒప్పుకున్నా.
చిత్తూరు మండీలో రేటు లేచిందని
మూడోవాడు ఫోన్ చేస్తే
నోరు దానంతట అదే "సరేలేన్నా" అనేసింది.
ఎవరడిగినా ఆ మాట
ఒకే అచ్చులోంచి ఊడిపడతాది నాకు.

ఒప్పుకున్నది నేను.
పొయ్యికాడ కూర్చున్నది చెంగల్రాయుడు.
ఈ లెక్క మూడో వారం దాకా తట్టలేదు.

పద్దెనిమిదేండ్ల పిల్లోడు.
పిప్పి తోస్తా తోస్తా
నిలబడే నిద్రపోయినాడు.
తల పొయ్యి నోటికేసి వంగతా ఉంటే
చొక్కా పట్టి లాగినా.
కనుబొమ్మ ఒకటి కాలిపోయింది,
మాడిన వెంట్రుకల వాసన.
కండ్లు నులుముకుని ఏమన్నాడో తెలుసునా?
"ఏం లే మామా, ఇంకో కొప్పెర ఏసేద్దాం."

అది నా మాట.
నా గొంతుతోనే అన్నాడు.

ఈలోపల పాకం ముదిరి అడుగంటింది.
తెడ్డు చివర ఇంత తీసి నాలిక్కి రాసుకున్నా.
చేదు.
నా చేతి వంటలో చేదు తేలడం ఇదే మొదలు.

చెరుకును గానుగలో ఒకసారి పెడితే పాలు,
తిప్పి రెండోసారి పెడితే ఇంకొన్ని పాలు.
మూడోసారి పెట్టేవాణ్ణి
పిచ్చోడంటారు మా ఊళ్ళో.

తెల్లారుజామున ఫోన్.
"బయల్దేరినావా మొగిలప్పా?"
రాలేనన్నా.
ఆ పక్క చప్పుడు లేదు.
జ్వరమని చెప్దామని నాలిక చివరిదాకా వచ్చింది,
మింగేసినా.
ఒళ్ళు బాగానే ఉండాది.
రాలేను, అంతే.
"శానా పెద్దోడివైపోయినావు" అని పెట్టేసినాడు.
చెయ్యి కొంచెం వణికింది. అబద్ధమెందుకు.

తొట్టిలో ఒక కొప్పెరకు సరిపడా పాలు మిగిలిండాయి.
పొద్దెక్కితే పులుస్తాయి.
పులవనీ.
ఆ ఖరీదు నా కూలిలో పట్టుకోమంటా నాయుణ్ణి.

నిప్పులు బూడిద కప్పుకుంటా ఉండాయి.
పిప్పి కుప్ప మీద చెంగల్రాయుడు
నోరు తెరుచుకుని పండుకోనుండాడు.
ఒంటి కనుబొమ్మ మొహం
నిద్రలో దేనికో ఆశ్చర్యపోతున్నట్టు ఉండాది.
బెల్లం వాసనకు ఈగలు.
తువాలతో తోలతా
పక్కనే కూర్చున్నా,
లేపకుండా.