బెత్తెడు

గునుపురం బైపాసు పక్కన మా కొలిమి.
ఎదురుగా వెదురు లారీల వరస.
వెనక ఎండాకాలపు వంశధార: ఇసకా, నాలుగు గేదెలూ.

ముప్పై ఏళ్లుగా మా మామ ముఖలింగాచారికి
వచ్చే పని ఒక్కటే, పైకెత్తడం.
ఘాటీ ఎక్కలేక కుంగిన కమాను కట్టకి
ఇంకో పట్టీ, ఇంకో పట్టీ.
గోతిలో పడి వంగిన ఇరుసుని సాపు చేసి
ఒక కన్ను మూసి, దారం పట్టి చూసి
"ఇప్పుడు నిలబడతాది" అనడం.

మొన్న బ్రహ్మపురం నుంచి పాణిగ్రాహి గారి మనవడు
లారీ మీద ఎక్కించి ఒక కారు తెచ్చాడు.
తాతల నాటి ఫోర్డు,
కప్ప కళ్లలా బయటికొచ్చిన దీపాలు.
"ముందు కిందికి దించాలి మౌసా."
"ఎంతేటి?"
నాలుగు వేళ్లు చూపించాడు.
"బెత్తెడు" అన్నాడు మామ,
తాకట్టు పెట్టిన మాటని విడిపించుకున్నట్టు.

ఆ రాత్రి చేపల పులుసు ముందు కూచుని,
"పడ్డదాన్ని లేపమన్నోళ్లని చూసేను గానీ
నిలబడ్డదాన్ని కుంగదియ్యమంటాడేటమ్మా ఈడు!"
పొద్దున్నే ఇరుసు విప్పేశాడు.

కోసి అతికిస్తే తొందరగా అవుతుంది కదా, అన్నాడు కుర్రాడు.
"ఆ అతుకు మీద నీ పెళ్లాం బిడ్డల్ని కూకోబెడతావా?"
వాడికింకా పెళ్లి కాలేదు. నవ్వాడు.
ఇంకెవరూ నవ్వలేదు.

ఇనుము దొండపండు రంగుకొచ్చేదాకా మాట్లాడకూడదు.
తెల్లగా మెరిసిందా, చచ్చిందే.
ఇన్నేళ్లు నిప్పు పక్కనే ఉండి
నాకు తెలీని సంగతి ఆ రోజు చూశాను:
నడుము దిగాలంటే నడుము మీద కొట్టరు.
చక్రాన్ని పట్టుకునే చివర్లని కాల్చి
వాటిని పైకి లేపుతారు.
చివర్లు బెత్తెడు లేస్తే
మధ్యదంతా బెత్తెడు దిగుతుంది.
చక్రం మాత్రం ఉన్నచోటే.

ఎడమ చివర మొదటి కాకకే ఒదిగింది.
కుడిది మొండిది, మూడు కాకలు తిన్నాది.
మూడోదాంట్లో కరెంటు పోయింది,
బ్లోయరు ఆగింది, పాత చక్రం నేను తిప్పాను.
ఇప్పటికీ ఈ భుజం ఎత్తలేను.

నీళ్లలో ముంచలేదు.
"గబుక్కున సల్లారింది గబుక్కునే ఇరుగుద్ది."
బూడిద గోతిలో పడుకోబెట్టి గోనె కప్పాడు.
రాత్రి రెండుసార్లు లేచి వెళ్లి తడిమాడు.
మా చిన్నదానికి అమ్మోరు పోసినప్పుడు
ఒక్కసారైనా లేవలేదు ఈ మనిషి.

నాలుగో రోజు కారు నేల మీద నిలబడింది,
రోడ్డుని వాసన చూసే కుక్కలాగ.
కుర్రాడు తల మీద చేతులు పెట్టుకుని
చుట్టూ తిరిగాడు, మళ్లీ తిరిగాడు.
అడిగినదానికన్నా ఎక్కువే ఇచ్చాడు.

కొలిమి దాటగానే మున్సిపాలిటీ వాళ్ల స్పీడు బ్రేకరు.
అక్కడ ఆగిపోయింది.
లారీ డ్రైవర్లు దిగొచ్చారు.
ఒరియాలో, తెలుగులో, సవరలో సలహాలు.
మామ లోపలికెళ్లి రెండు చెక్కలు తెచ్చి పరిచాడు.
మోకాళ్ల మీద వంగి, చెంప తారుకి ఆనించి
బండి కింద చెయ్యి పెట్టి కొలిచాడు.

రెండు వేళ్లు.

లేచి, చెంప తుడుచుకుని
"పోనీ" అన్నాడు.