వాల్వు తాళం

తెల్లారగట్ల నాలుగింటికి
నా సైకిలు మీద నాలుగడుగుల ఇనుప తాళం.
గోల్నాక గల్లీలు నన్ను నీళ్ల చప్పుడుతోనే గుర్తుపడతయి.
ఆశయ్య అనే పేరు ఎవరికీ యాది లేదు,
నీళ్లాయన అంటరు,
నీళ్లు రానినాడు ఇంకేదో అంటరు.

ఎక్కడనో మోటరు కాలిపోతది,
ఎక్కడనో గుట్ట మీది రిజర్వాయరు అడుగంటుతది,
తిట్లు మాత్రం నాకే.
ఖుర్షీద్ బేగం ఖాళీ బిందె సైకిలుకు అడ్డం పెట్టి
"నదిని నువ్వే దాచినవా" అని అడుగుతది.
అది కృష్ణనో మంజీరనో నాకే తెల్వదు.
నవ్వుత. ఇంటికి పోయినంక నవ్వను.

ఇయ్యాల వార్డు ఎన్నిక.
ఆటోలకు కట్టిన మైకులు పది రోజులు
సరిహద్దుల సంగతి చెప్పినయి,
ఢిల్లీ గద్దె సంగతి చెప్పినయి,
దేశం ఎవరి చేతుల ఉండాల్నో చెప్పినయి.
మూతలేని మ్యాన్‌హోలు దగ్గర మాత్రం
కొంచెం వంకర తిప్పుకొని పోయినయి.

విఠల్ మళ్ల నిలబడ్డడు.
ఆ అక్టోబరు రాత్రి,
నాలా వచ్చి నల్లాలకెక్కిన రాత్రి
(ఒత్తు తీసి దీర్ఘం పెడితే రెండూ ఒకటేనని
మా వీధికి అప్పుడే తెలిసింది)
నడుం లోతు నీళ్లల్ల వచ్చిండు.
ముసలి మల్కమ్మను తలుపు రెక్క మీద పండబెట్టి
అవతలికి చేర్చిండు.
ఆ తలుపు మాదే. ఇప్పటికీ సరిగ పడదు.

అయితే ఆయన కండువా రంగు
ఢిల్లీల కూసున్నోళ్ల రంగు.
గ్యాసు బండ బుక్కు చేసినప్పుడల్లా
శశికళ ఆ రంగును తిడతది.
"మ్యాన్‌హోలు మూత ఆయన తెస్తడు, సరే,
పొయ్యి కింద మంట ఎవరు తెస్తరు?
గల్లీ ఓటు గల్లీకే అంటవు,
ధర గల్లీలకు రాకుండ ఆగిందా?"

నేనన్న,
"పైన లేని నీళ్లకు నన్ను తిట్టినట్టుంటది.
తాళం పట్టుకున్నోడు నది కాదు గదా."

ఆమె పిండి పిసుకుడు ఆపింది.
"మరి నిన్ను తిట్టిననాడు
నువ్వు మేనేజరుకు ఫోను చేస్తవా లేదా?
మేనేజరు పెద్దసారుకు చేస్తడా లేదా?
నీళ్లు పైనించి కిందికే వస్తయి.
తిట్టు ఎదురెక్కుతది."

ఇరవై రెండేండ్లు పైపుల పని చేసిన.
ఎదురెక్కేది ఒకటుందని
ఎన్నడూ ఆలోచించలే.

కానీ నా భయం వేరే.
మల్కమ్మ కోసం వేసిన ఓటును
రేపు టీవీల సూటు తొడిగినాయన
దేశం మెచ్చుకున్నదంటడు.
గ్యాసు బండ మీది కోపంతో వేసిన ఓటును
విఠల్ తన మీద కోపమనుకుంటడు,
ఆ రాత్రి తడిసిన బట్టలు యాది చేసుకుంట
ఆఫీసుల ఒక్కడే కూసుంటడు.
ఉన్నది ఒకటే ముద్ర.
పక్కన రెండు ముక్కలు రాసేటందుకు
కాయితం మీద జాగ ఉండదు.

సర్కారు బడి, నాలుగో తరగతి గది.
బెంచీ మీద ఎవడో పిల్లగాడు
కంపాసుతో సగం చెక్కి వదిలేసిన పేరు.
అట్ట చాటున నిలబడ్డ.
చెయ్యి గాలిల ఆగింది,
వాల్వు మీద తాళం ఆనించినప్పుడు ఆగినట్టే.
ఎటు తిప్పినా
ఒక గల్లీకి ధార, ఒక గల్లీకి గాలి.

వేసిన.
ఎవరికని శశికళ కూడ అడగలే.

బయట లైన్ల ఖుర్షీద్ బేగం.
"రేపు నీళ్లున్నయా?"
"పైన ఉంటే ఉంటయి."
"పైన నాకెవరు తెలుసు?
నువ్వే తెలుసు" అన్నది,
కొంగు సర్దుకొని ఒక అడుగు ముందుకు జరిగింది.

మ్యాన్‌హోలుల ఎవరో
విరిగిన కుర్చీ ఒకటి గుచ్చి పెట్టిన్రు, గుర్తుకు.
దాని పక్కనించి సైకిలు తోసుకుంట పోయిన.
ఎడమ వేలికి సిరా ఇంకా ఆరలే.
కుడి అరచేతిల ఎప్పటిదో తుప్పు.